యాభై పాళ్ల బురద

పశువుల్ని చూసుకునే ఆ శాఖలో మనుషుల్ని ఎవరూ పట్టించుకోరని ఒక అపవాదు ఉండేది. సన్యాసిరావు మోటారుసైకిలు మీంచి జారిపడిన రోజుతో ఆ అపవాదు పోయింది.

సన్యాసిరావు రేగులపాలెం పశువుల ఆసుపత్రిలో సహాయకుడు. ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, గెడ్డవలసలో పైడమ్మ గేదె ఈనలేక అవస్థ పడుతోందని కబురొస్తే బయల్దేరాడు. గెడ్డవలస పదకొండు కిలోమీటర్లు. తొమ్మిది తారు, చివరి రెండూ మట్టి. వాన పడితే ఆ మట్టి పెసరట్టు పిండిలా అవుతుంది. శాఖ ఇచ్చిన బండికేమో నున్నటి రోడ్డు టైర్లు. పిండిలో బండి పడింది, బండి పక్కన మనిషి పడ్డాడు, మందుల సంచి పక్కనున్న గెడ్డ నీళ్లలో పడింది. కుంటుకుంటూ అతను చేరేసరికి గేదె దక్కింది గాని దూడ దక్కలేదు.

పైడమ్మ డెబ్బై ఏళ్ల మనిషి. ఒక్కర్తే ఉంటుంది. ఆవిడకున్నదల్లా నొసట తెల్లమచ్చ ఉన్న ఆ గేదె, చుక్క. దూడ లేకపోయేసరికి చుక్క పాలు చేపడం మానేసింది. ఆ ఏడాదంతా పాలమ్మే మనిషి తన టీకి పాలు కొనుక్కుని తాగింది. అతన్ని మాత్రం ఒక్క మాట అనలేదు. అనకపోవడం వల్లే సన్యాసిరావుకి నాలుగు రోజులు అన్నం సహించలేదు.

"వచ్చే ఈతకి కబురందిన గంటలో నీ వాకిట్లో ఉంటాను మామ్మా" అని మాట ఇచ్చి వచ్చి, ఆ సంగతి భార్య హైమావతికి చెప్పాడు.

హైమావతి బీయస్సీ చదివి ఇల్లు చూసుకుంటున్న మనిషి. వంటింట్లో ప్రతి డబ్బా మీదా లోపల ఏముందో చీటీ రాసి అంటిస్తుంది. కందిపప్పు డబ్బాలో పెసరపప్పు పోస్తే ఆ క్షణాన్నే చీటీ మారుస్తుంది. చీటీ ఒకటీ సరుకు ఒకటీ అయితే ఆవిడకి ఆ పూట వంట సాగదు. చుక్క మళ్లీ చూలు కట్టిందని మొగుడు చెప్పిన రోజున ఆవిడ లెక్కేసి, క్యాలెండరులో శ్రావణమాసం మొదటి వారం చుట్టూ ఎర్ర గీత గీసి పెట్టింది.

ఈలోగా సన్యాసిరావు జారిపడిన సంగతి పైకెళ్లి, అక్కడ టైర్ల ఎంపిక సంఘం ఏర్పడింది. అందులో పదకొండు మంది సభ్యులు. తొమ్మిది మందికి జీపులున్నాయి, మిగిలిన ఇద్దరూ డాక్టరు సలహా మీద ఇల్లు కదలరు. సముద్రం పక్క మండలాల వాళ్లు తారు రోడ్డు టైర్లే కావాలన్నారు. కొండ పక్క వాళ్లు ముళ్ల పనసకాయలాంటి బురద టైర్లే కావాలన్నారు. ఏడు నెలల చర్చ తర్వాత అధ్యక్షులవారు "తారూ బురదా మన శాఖకి రెండు కళ్లు" అని ప్రకటించి, రెండింటికీ పనికొచ్చే ఉభయోపయోగ టైర్లు మంజూరు చేశారు. టైరుకి అంటించిన చీటీ మీద తయారుచేసినవాళ్లు "రోడ్డు 50 - బురద 50" అని అచ్చువేశారు. తర్వాత జరిగిన వాటన్నిటికీ ఆ చీటీయే మూలం.

మాఘంలో టైర్లు వచ్చాయి. సంత వీధి మెకానిక్కు నూకరాజు వాటిని బండికి ఎక్కిస్తుంటే మొగుడూ పెళ్లాలిద్దరూ దగ్గరే నిలబడ్డారు.

"రెండింటికీ పనికొస్తాదంటే రెండింటి కాడా కాస్త సర్దుకోవాల బాబూ" అన్నాడు నూకరాజు. "తారు మీద గుయ్యిమని అరుస్తాది. తడి తారు మీద బ్రేకు బారెడు ముందే కొట్టాల. బురదలో గాలి కాస్త తగ్గించుకోండి, తారెక్కీసినాక మల్లీ కొట్టించుకోండి. మీ దారికైతే నన్నడిగితే..."

"నిన్నెవరూ అడగలేదు కదా నూకరాజూ."

"అదే గదా బాబూ" అని అతను నట్టు బిగించాడు.

నిజం చెప్పాలంటే టైరు మంచిదే. నెల రోజులు ఏ చిక్కూ రాలేదు. కాకపోతే ఆ గుయ్యిమనే చప్పుడు ఊళ్లో పశువులన్నిటికీ పరిచయమైపోయింది. చప్పుడు వినబడితే సూది మందు వస్తోందని గ్రహించి ఎద్దులు తాళ్లు తెంపుకుని చెరుకు తోటల్లో దూరేవి.

నెల నిండగానే చక్ర వినియోగ పర్యవేక్షణాధికారి పరాంకుశం గారు వాళ్ల వాకిట్లో జీపు దిగారు. ఆ ఉద్యోగం టైర్లతో పాటే పుట్టింది. చేతిలో టైరు గాడి లోతు కొలిచే సూది, చంకలో చాప చుట్ట. ఆ చాప పరుచుకుని బండి పక్కన బోర్లా పడుకుని, వెనక చక్రాన్ని చాలాసేపు వాసన చూశారు. లేచి, హైమావతి ఇచ్చిన కాఫీ తాగి, గొంతు సవరించుకున్నారు.

"ఈ టైరునందు సగభాగము తారు నిమిత్తమును, సగభాగము బురద నిమిత్తమును ప్రభుత్వము సమకూర్చియున్నది. తాము తారును తొమ్మిది పాళ్లును, బురదను రెండు పాళ్లును వినియోగించినారు. అనగా బురద భాగము నిష్ప్రయోజనముగా పడియున్నది. దీనిని శాఖాపరముగా తారు పక్షపాతము అందురు."

"దారే అలా ఉందండి" అన్నాడు సన్యాసిరావు.

"దారి మా పరిధిలోనిది కాదు. టైరు మా పరిధిలోనిది."

హైమావతికి ఊరుకోవడం చేతకాలేదు. "గొడుగు ఎండకీ వానకీ కూడా పనికొస్తుంది కదండీ. అలాగని ఎండ ఎన్నాళ్లు కాస్తే వాన అన్నాళ్లూ కురవాలంటామా?"

పరాంకుశం గారు ఆవిడ వంక జాలిగా చూశారు. "అమ్మా, గొడుగులు వేరే శాఖ."

మర్నాటి నుంచి నేల రిజిస్టరు వచ్చింది. ఒక పక్క గట్టి నేల, ఒక పక్క మెత్త నేల. రోజు ముగిసేసరికి రెండూ సమానం కావాలి. సన్యాసిరావు దస్తూరి కోడి గీతలు కాబట్టి రాయడం హైమావతి పనైంది. గెడ్డవలస రాకపోకలకి లెక్క కూడా ఆవిడే వేసింది. తారు పద్దెనిమిది, బురద నాలుగు. సమం కావాలంటే ఆ రెండు కిలోమీటర్ల మట్టిదారిని మొత్తం తొమ్మిదిసార్లు దాటాలి. తొమ్మిది బేసి. తొమ్మిదోసారి దాటేసరికి మనిషి గెడ్డవలసలోనే తేలతాడు. ఇంటికి రావాలంటే పదోసారి దాటక తప్పదు. అప్పుడు బురద ఇరవై అవుతుంది, తారు పద్దెనిమిదే ఉంటుంది. దాన్ని బురద పక్షపాతం అంటారు, దానికి మెమో వేరు. అందుకని సన్యాసిరావు సొంత ఇంటి ముందు నుంచి ఆగకుండా దూసుకుపోయి, కిలోమీటరు అవతల పెట్రోలు బంకు దగ్గర తిప్పుకుని వచ్చేవాడు.

"ఏవండీ, అన్నం వడ్డించెయ్యనా?" అని గుమ్మంలోంచి కేకేసేది హైమావతి.

"ఇంకా రెండు కిలోమీటర్లుంది!" అని కేకేస్తూ వెళ్లిపోయేవాడు.

గెడ్డవలసలో పైడమ్మ అరుగు మీద కూర్చుని, పొలిమేరలో అతను అటూ ఇటూ తిరగడం రెండు రోజులు చూసింది. మూడో రోజు కర్ర పోటేసుకుంటూ ఎదురెళ్లింది.

"ఏటి బాబూ అలగ తిరగతన్నావు? ఏటైనా పారీసుకున్నావేటి?"

"లేదు మామ్మా. సమానం చేస్తున్నాను."

"చుక్కని సూసెల్లు. ఆర్నెల్లు నిండిపోనాది. తరవాత ఎంత సమానం సేత్తావో సేసుకో."

చైత్రంలో ఎండలు ముదిరాయి. పరాంకుశం గారు మట్టిదారికి స్వయంగా విచ్చేసి, బూటు విప్పి, మడమతో నేలని మూడుసార్లు పొడిచి చూశారు. మడమ దిగలేదు.

"ఇది బురద కాదు" అని తేల్చారు. "బురద అగుటకు అర్హత గల మట్టి మాత్రమే."

అర్హత గల మట్టి మీద తిరిగిన కిలోమీటర్లన్నీ ఒక్క కలం పోటుతో గట్టి నేల కిందికి మారిపోయాయి. చుట్టుపక్కల మండలాల్లో ఇరవై రెండు మంది సహాయకులు ఒకే రోజు తారు పక్షపాతులయ్యారు. ఎండాకాలంలో బురద ఎక్కడిదని ఎవరో అడిగినందుకు శాఖ స్పందించింది. రేగులపాలెం ఆసుపత్రి వెనక ఖాళీ జాగాలో, నూరు మీటర్ల చుట్టుతో, ఆదర్శ బురద క్షేత్రం వెలిసింది. రిబ్బను కత్తిరించారు. కొబ్బరికాయ కొట్టారు. అది కొట్టిన రాయి బురదలో దిగబడిపోతే సభికులు చప్పట్లు కొట్టారు.

రోజూ ఉదయం ట్యాంకరుతో నీళ్లు తెచ్చి అందులో పోసేవారు. వీధి కుళాయి రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లో, ఆడవాళ్లు బిందెలు చంకన పెట్టుకుని వరసగా నిలబడి ఆ పోయడాన్ని చూసేవారు. హైమావతి ఒకసారి ట్యాంకరు డ్రైవరుని అడిగింది, "బాబూ, ఒక్క బిందె పట్టుకోవచ్చా?"

"బురదకైతే పట్టుకోండమ్మా. తాగడానికైతే ఉత్తర్వు లేదు" అన్నాడతను, మర్యాదగానే.

ఇరవై రెండు మందీ వంతులవారీగా ఆ బురదలో తిరిగేవారు. గుడ్లగూబ కళ్లతో, మెడ దాకా మట్టితో, ఒకరి వెనక ఒకరు. ఎద్దుకి జబ్బు చేసిందని వచ్చిన రైతు "డాక్టరు బాబు ఉన్నారా?" అంటే, "బురదలో ఉన్నారు, పన్నెండింటికి తేలతారు" అని అటెండరు చెప్పేవాడు. ఊళ్లో గేదెలకి ఈ సంగతి తెలిసిపోయింది. మధ్యాహ్నానికి ఏడెనిమిది వచ్చి క్షేత్రం నడుమ పడుకునేవి. పశువుల శాఖ వాళ్లు కర్రలు పట్టుకుని వాటిని బయటికి తరమాల్సి వచ్చేది. "పశువులకు ప్రవేశము నిషిద్ధము" అని బోర్డు కూడా పెట్టారు. గేదెలు చదవలేదు.

హైమావతి ఇంట్లో ప్యాంట్లు ఉతకడానికి రెండు బాల్చీలు పెట్టుకుంది. మొదటిదానికి "బురద", రెండోదానికి "మరీ బురద" అని చీటీలు అంటించింది.

వానలు పడ్డాక ఇదంతా సర్దుకుంటుందని ఆవిడ అనుకుంది. వానలు పడ్డాయి. దాంతో పాటు కొత్త ఉత్తర్వూ పడింది. ప్రకృతిసిద్ధమైన బురదకి నాణ్యతా ధ్రువీకరణ లేనందున, క్షేత్రపు బురద మాత్రమే లెక్కకు వచ్చును. ఇకపై ముందుగా బురద నిల్వ చేసుకొనవలెను. నిల్వ ఉన్నంత మేరకే తారు ఎక్కవలెను. నిల్వ లేనివారు తారు తాకరాదు.

ఆ కాగితం చదివి హైమావతి క్యాలెండరు వంక చూసింది. ఎర్ర గీత దగ్గరికొచ్చేసింది.

"ఏవండీ, గెడ్డవలసకి తొమ్మిది కిలోమీటర్ల తారు కదా. వెళ్లడానికే క్షేత్రంలో తొంభై చుట్లు. ముందే తిరిగి నిల్వ పెట్టుకోండి."

"పెట్టాను హైమా. కాని నిల్వ శనివారానికి మురిగిపోతుందిట. మళ్లీ సోమవారం మొదట్నుంచీ తిరగాలి."

"బురద మురిగిపోవడమేంటండీ?"

"కాగితం మీది బురద" అన్నాడు సన్యాసిరావు.

శ్రావణం మొదటి సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి పరాంకుశం గారు మూడునెలల తనిఖీకి వచ్చి, వాళ్ల వాకిట్లో చాప పరుచుకుని, లేచి, ఉప్మా తింటున్నారు. సన్న వాన పడుతోంది. అప్పుడు ఫోను మోగింది. పైడమ్మ పక్కింటివాళ్ల ఫోను.

"బాబూ, సుక్క ఈనతంది. ఒక కాలే బయటికొచ్చినాది. తల అవుపడ్డంలేదు. బేగి రా బాబూ."

సన్యాసిరావుకి సంగతి అర్థమైంది. దూడ తల వెనక్కి మళ్లి ఉంటుంది. గంటలో సరిచెయ్యకపోతే దూడ దక్కదు. ఆలస్యమైతే ఈసారి తల్లీ దక్కదు. సంచి భుజాన వేసుకుని బండి తాళం అందుకున్నాడు.

పరాంకుశం గారు ప్లేటు కింద పెట్టి అడ్డం నిలబడ్డారు. "బురద నిల్వ ఎంత?"

"ఇవాళ సోమవారమండి. సున్న."

"అటులైన ముందు క్షేత్రమునకు వెళ్లి తొంభై చుట్లు పూర్తి గావింపుడు. రెండు గంటల్లో వెళ్లవచ్చును."

"అప్పటికి దూడ చచ్చిపోతుందండి!"

"దూడ విషయమై నాకును విచారముగా ఉన్నది. సదరు దూడ ముందస్తు సమాచారము ఇచ్చియుండవలసినది."

"ఎక్కడ బురద ఉందో అక్కడికే వెళ్తున్నారండి ఆయన" అంది హైమావతి. "రెండు కిలోమీటర్ల నిండా బురదే. కావలసినంత."

"దానికి ధ్రువీకరణ లేదమ్మా. పైపెచ్చు దానిని చేరుటకు తారు దాటవలెను. తారు దాటుటకు బురద వలెను."

హైమావతి లోపలికెళ్లి స్టవ్ కట్టేసింది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. సందులోంచి తన స్కూటీ బయటికి తీసింది. కూరల సంతకీ, గ్యాసు ఆఫీసుకీ వెళ్లే బండి. దాని టైర్లు అరిగి బొప్పాయి తొక్కలా ఉన్నాయి.

"ఎక్కండి" అంది మొగుడితో.

"నువ్వు తోలతావా?"

"సంచి మీరు పట్టుకోవాలి కదా. క్రితం సారి గెడ్డలో పడింది."

పరాంకుశం గారు వెంటపడ్డారు. "అమ్మా, ఆగుడు! ఆ టైరు ప్రయోజనము ఎంత శాతము?"

"తోటకూర, వంకాయలండి" అంటూ ఆవిడ ఆక్సిలరేటరు తిప్పింది.

తొమ్మిది కిలోమీటర్ల తారూ పావుగంటలో అయింది. స్కూటీ చప్పుడుకి ఒక్క ఎద్దు కూడా పారిపోలేదు. మట్టిదారిలో అర కిలోమీటరు తోలారు. తర్వాత కిలోమీటరు తోశారు. ఒకసారి ఆవిడ పడింది, ఒకసారి అతను పడ్డాడు, సంచి మాత్రం పడలేదు. మిగతా అర కిలోమీటరుకి స్కూటీని ఒక తాటిచెట్టుకి ఆనించి, చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తారు.

పైడమ్మ చుక్క తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఇద్దర్నీ చూసి "గుయ్యిమని సప్పుడు లేదేటి? నువ్వు రాలేదనుకున్నాను" అంది.

సన్యాసిరావు మోచేతి దాకా సబ్బు రాసుకుని నేల మీద బోర్లా పడుకున్నాడు. ఆ పడుకోవడం చూసి హైమావతికి పరాంకుశం గారు గుర్తొచ్చారు. ఇద్దరూ పడుకునేది ఒకేలాగ. ఇతని కింద చాప లేదు, అంతే. అతను కళ్లు మూసుకుని, చేతి వేళ్లతో లోపల దూడ మూతి వెతికి పట్టుకుని, చుక్కకి నొప్పి ఆగినప్పుడల్లా కొంచెం కొంచెంగా తల తిప్పాడు. ఇరవై నిమిషాలు పట్టింది. తర్వాత ముక్కు కనబడింది. ఆ తర్వాత అంతా ఒక్కసారే జారి వచ్చి హైమావతి కాళ్ల దగ్గర పడింది. ఊపిరి లేదు. అతను ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పాడు. దూడ ఒక్క తుమ్ము తుమ్మింది.

"పెయ్య" అన్నాడు సన్యాసిరావు.

పైడమ్మ వాళ్లిద్దర్నీ వదిలేసి దూడ చెవులు రెండూ పట్టుకుని ఏడ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "అమ్మా, నువ్వు తోలుకొచ్చిన బండి పేరేటి?" అని అడిగింది.

"స్కూటీ మామ్మా."

"అయితే దీని పేరు స్కూటమ్మ."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాకిట్లో శాఖ బండి కదలకుండా ఉంది. హ్యాండిలుకి ఒక కాగితం కట్టి ఉంది. బురద నిల్వ లేనందున కదలరాదు. సన్యాసిరావు దాన్ని కదపలేదు. మర్నాడూ కదపలేదు. ఏ ఊరికి వెళ్లాలన్నా స్కూటీ మీదే వెళ్లాడు. హైమావతికి అవతల పనుంటే మొగుణ్ణి దింపి వచ్చేది. రిజిస్టరులో మాత్రం రోజూ శ్రద్ధగా రాసింది: గట్టి నేల, సున్న. మెత్త నేల, సున్న.

మూడు నెలల తర్వాత పరాంకుశం గారు ఆ పుస్తకం తిరగేస్తూ మెల్లగా లేచి నిలబడ్డారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"తారు సున్న. బురద సున్న. సంపూర్ణ సమానత్వము! గాడి లోతు కొన్ననాటి వలెనే ఉన్నది. ఇరవై రెండు మందిలో ఎవరును సాధింపనిది తాము ఎటుల సాధించితిరి?"

సన్యాసిరావు అబద్ధం చెప్పలేని మనిషి. "మా ఆవిడ స్కూటీ మీద తిరుగుతున్నానండి."

"గృహిణీ సహకారము" అని పరాంకుశం గారు రాసుకున్నారు.

దీపావళి వెళ్లాక సన్యాసిరావుకి శాలువా కప్పి, ఉత్తమ చక్ర సంరక్షకుడని పత్రం ఇచ్చారు. వెంటనే ఉత్తర్వు వెలువడింది. బండ్లన్నిటినీ ఇటుకల మీదకెక్కించి, చక్రములు నేలకు తగలకుండ నిలుపవలెను. సిబ్బంది తమ విధులను యథాప్రకారము నిర్వర్తింపవలెను. ఎలాగన్నది అందులో లేదు. ఇరవై రెండు వాకిళ్లలో ఇరవై రెండు బండ్లు ఇటుకలెక్కాయి. ఆదర్శ బురద క్షేత్రాన్ని మూసెయ్యాలంటే మళ్లీ సంఘం వెయ్యాలి కాబట్టి ట్యాంకరు మాత్రం రోజూ వస్తూనే ఉంది. గేదెలు బోర్డుకి ఒళ్లు రుద్దుకుని లోపలికెళ్లి పడుకుంటున్నాయి. పశువుల కోసం శాఖ ఇంత చేస్తుందని ఊళ్లో ఎవరూ అనుకోలేదు.

కార్తీకంలో స్కూటీ టైరు పూర్తిగా అరిగిపోయింది. హైమావతి దాన్ని నూకరాజు దుకాణానికి తోసుకెళ్లింది.

"కొత్తదెయ్యాలమ్మా" అన్నాడు నూకరాజు. "ఎక్కడెక్కడికి తిరగతారు?"

హైమావతికి టైర్ల ఎంపిక సంఘం గుర్తొచ్చింది. పదకొండు మంది ఏడు నెలలు కూర్చున్నారు. ఆ ఒక్క మాట అడిగినవాళ్లు లేరు.

"కూరల సంతకి. గ్యాసు ఆఫీసుకి. వారానికి రెండుసార్లు గెడ్డవలస, స్కూటమ్మని చూసి రావడానికి."

"తొమ్మిది తారు, రెండు బురద" అని తనలో తను అనుకుంటూ నూకరాజు లేచి, కొక్కేనికి వేలాడుతున్న వాటిలోంచి నాలుగోది తీశాడు. నిమిషం పట్టలేదు. టైరు పక్క మీద మెరిసే చీటీ ఉంది. రోడ్డు ఎనభై, బురద ఇరవై.

"నూకరాజూ, ఇది కొసరు లేకుండా సరిగ్గా అంతేనా?"

"ఎవులికి తెలుసమ్మా? అచ్చేసినోడు మన గెడ్డవలస వచ్చాడేటి?"

హైమావతి ముక్కాలిపీట మీద కూర్చుని టైరుని ఒళ్లో పెట్టుకుంది. బొటనవేలి గోరుతో చీటీ అంచు లేపి, చిరగకుండా, ఒక్క జిగురు మరక కూడా మిగలకుండా మొత్తం ఊడదీసింది. వీధిలో అటూ ఇటూ చూసి, పంచర్లు వెతికే నీళ్ల తొట్టిలో పడేసింది. అది కాసేపు తేలి, మెల్లగా మునిగింది.

"ఇప్పుడు వెయ్యి" అంది.